ఉప్పు లేని పదమూడు రోజులు

లామ్‌ఖర్క గ్రామం, భోజ్‌పూర్ జిల్లా, తూర్పు నేపాల్
విక్రమ సంవత్ 2044, భదౌ 5

విషయం: క్షేమ సమాచారం.
సందర్భం: నేను బయలుదేరేటప్పుడు మీరు గుమ్మంలో నిలబడి "ఉత్తరం రాయి" అని మౌఖికంగా జారీచేసిన ఆదేశం.

పూజనీయురాలైన దిదీ చరణాలకు,

కుటుంబ సభ్యుల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు ఒక పద్ధతి ప్రకారం సాగవలసిన అవసరాన్ని ఈ దేశంలో ఇంతవరకు ఎవరూ తగినంతగా గుర్తించలేదు. ఆవేశంలో రాసిన ఉత్తరాల వల్ల, తేదీ లేని ఉత్తరాల వల్ల, తేదీ ఉండి సంగతి లేని ఉత్తరాల వల్ల కుటుంబాలకు కలిగిన నష్టం కోశీ నది వరదల వల్ల కలిగిన నష్టానికి తీసిపోదు. కాబట్టి నా మూడు నెలల పర్యటన కాలానికి కొన్ని నియమాలు ప్రతిపాదిస్తున్నాను. ప్రతి ఉత్తరానికీ విషయం, సందర్భం ఉండాలి. ఒక ప్రశ్నకు జవాబు రాకుండా మరో ప్రశ్న వేయరాదు. కన్నీళ్ళ ప్రస్తావన తప్పనిసరి అయినప్పుడు సంతకానికి ముందు ఒక వాక్యానికి మించకుండా చేయవచ్చు. ఈ నియమాలు మీ ఆమోదానికి సమర్పిస్తున్నాను. ఆమోదం రాకపోయినా అమలులో ఉంటాయి.

మీకు తెలిసినదే, కొండ ప్రజల దైనందిన జీవితం ఎలా ఉంటుందో తేల్చడానికి మా విభాగం రెండువందల పన్నెండు ప్రశ్నల పత్రం తయారుచేసింది. దానిని కాఠ్‌మాండూలో కూర్చుని, కిటికీలు మూసుకుని, నేనే తయారుచేశాను. యాభై రెండేళ్ళ వయసులో నా ప్రశ్నలకు జవాబులు వెతుక్కోమని నన్నే పంపడంలో పై అధికారుల ఉద్దేశం శిక్షా, ప్రోత్సాహమా అన్నది ఫైలులో స్పష్టంగా లేదు. విమానం దిగిన మైదానం నుంచి రెండు రోజులు నడిచాను. "ఇంకెంత దూరం?" అని అడిగిన ప్రతిచోటా "అదిగో, ఆ మలుపే" అన్నారు. ఇక్కడ మలుపు అంటే ఆరు గంటలని ఇప్పుడు నమోదు చేసుకున్నాను. జలగల విషయం ప్రత్యేక అనుబంధంలో రాస్తాను.

నా బస సర్వధన్ రాయ్ అనే ఆయన ఇంట్లో. వాగు మీద నీటి తిరగలి నడుపుతాడు. నా వయసువాడే, నాలాగే బట్టతల. వచ్చిన మొదటి రోజే నా వల్ల ఒక అపరాధం జరిగింది. పొయ్యి చుట్టూ మూడు రాళ్ళు పాతి ఉంటే, తడిసిన మేజోళ్ళు వాటిమీద ఆరవేశాను. ఇక్కడివారికి ప్రభుత్వోద్యోగి ఎవరైనా 'సుబ్బా'యే. సర్వధన్ మెల్లగా అన్నాడు: "సుబ్బా సాబ్, అవి రాళ్ళు కావు, మా తాతలు. వాళ్ళ నెత్తిమీద మేజోళ్ళు ఆరెయ్యకూడదు." తాతలను శాంతింపజేయడానికి ఒక కోడిని బలి ఇవ్వవలసి వచ్చింది. బాహున్, అంటే బ్రాహ్మణ కులంలో పుట్టినవాడిని గనుక నేను కోడి తినను. ఆ విధంగా ఊరంతా శిక్ష అనుభవించగా నేరస్థుడికి మాత్రం మినహాయింపు లభించింది.

మరొక సంగతి. ఇక్కడ ఎవరు ఎదురైనా "భాత్ తిన్నారా?", అంటే అన్నం తిన్నారా, అని అడుగుతారు. మొదటి రోజుల్లో నేను ఏం తిన్నదీ, ఎంత తిన్నదీ, ఏ కూర వాయువు చేసిందీ నిజాయితీగా చెబుతూ వచ్చాను. జనం దారి మార్చుకుని వెళ్ళసాగారు. చివరకు సర్వధనే పక్కకు పిలిచి చెప్పాడు, అది ప్రశ్న కాదట. "'తిన్నాను' అంటే చాలు సాబ్. తినకపోయినా 'తిన్నాను' అనాలి. నిజంగా బాగోకపోతే మొహమే చెబుతుంది గదా."

మన కాఠ్‌మాండూలోనూ ఇదే అడుగుతారు. ఇన్నేళ్ళూ నేను ఏం జవాబు చెప్పేవాడినో గుర్తు రావడం లేదు.

భవదీయుడు,
హోమ్‌నాథ్ కాఫ్లే, శాఖాధికారి
(మీ తమ్ముడు)


బత్తీస్‌పుతలీ, కాఠ్‌మాండూ
భదౌ 19

కాంఛా,

నీ నియమాలు చదివాను. అవి నాకు వర్తించవు. అమ్మ పోయిననాడు నీకు ఆరేళ్ళు, నాకు పద్నాలుగు. నిన్ను చంకన వేసుకుని బియ్యం ఏరినప్పుడు విషయం లేదు, సందర్భం లేదు. కన్నీళ్ళు ఒక వాక్యానికి మించకూడదని అప్పుడు నీకెవరూ చెప్పలేదు. రోజుకు ఒక గ్రంథం ఏడ్చేవాడివి.

మేజోళ్ళ కథ నీరజ్‌కు చదివి వినిపించాను. నా కొడుకు నవ్వడం చూసి పదిహేను రోజులైంది, అందుకు నీకు పుణ్యం ఉంటుంది. వాడెందుకు నవ్వడం మానేశాడో చెబుతాను. ఎండాకాలం నుంచి నాకు పొట్టలో కుడివైపు నొప్పి. నీకు చెప్పలేదు, చెబితే అర్జీ రాసుకు రమ్మంటావని. ఈ నెల మొదట్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు ఏవో పటాలు తీయించి, పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నాడు. ఆ తర్వాత నీరజ్‌ను వరండాలోకి పిలిచి అరగంట మాట్లాడాడు. రాళ్ళ గురించి అంత గుసగుస ఏమిటో. తిరిగొచ్చేటప్పుడు దారంతా వీడు నా చెయ్యి వదల్లేదు. రోడ్డు దాటించేది నేనే, చెయ్యి పట్టుకున్నది వాడు.

వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. తిహార్ పండుగ వెళ్ళాకే అన్నాను. వాళ్ళు ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, డాక్టరు నన్ను గెలుస్తాడా? చివరకు కార్తీక్ 9 అని రాసుకున్నారు. ఏడో తారీఖున భాయి టీకా, తమ్ముడికి అక్క బొట్టు పెట్టే రోజు. నీ చుట్టూ నూనె గీత గీసి, గుమ్మంలో అక్రోటు పగలగొట్టి, నీ నుదుటన ఏడు రంగులూ పెట్టి, ఆ తర్వాత ఎవరు కత్తి పట్టుకొచ్చినా నాకు అభ్యంతరం లేదు. అమ్మ పోయిన ఏడాది తప్ప ఒక్క ఏడూ తప్పలేదు మనకు. యముడు నీ వంక చూడకుండా ఇన్నేళ్ళు కాపలా కాసిన మనిషిని, ఈ ఏడు సెలవు పెట్టను. నువ్వూ పెట్టకు.

ఏడో తారీఖుకి రా. మిగతాదంతా నీ ఇష్టం.

దిదీ


లామ్‌ఖర్క
అసోజ్ 2

విషయం: మీ ఉత్తరంలోని రాళ్ళ ప్రస్తావనపై అభ్యంతరం, స్థానిక మిత్రులు.
సందర్భం: భదౌ 19 నాటి మీ లేఖ.

పూజనీయురాలైన దిదీకి,

మీ లేఖను రెండుసార్లు పరిశీలించాను. ఇందులో పూర్వ ఉదాహరణ ఒకటి గమనింపదగినది. సంవత్ 2018లో నేను కాశీలో చదువుకుంటుండగా "దిదీకి ప్రాణాపాయం, వెంటనే రా" అని తంతి వచ్చింది. రెండు రైళ్ళు, ఒక లారీ మారి, ఏడుస్తూ వచ్చి చూస్తే మీరు కొత్త చీర కట్టుకుని పెళ్ళిచూపులకు వచ్చినవారికి టీ పోస్తున్నారు. అమ్మాయికి నేను నచ్చలేదు; ఆ సంగతి వేరు. కాబట్టి ప్రస్తుత రాళ్ళను కూడా అదే వర్గంలో చేర్చి, నన్ను తొందరగా రప్పించడానికి జరిగిన ఏర్పాటుగా పరిగణిస్తున్నాను. దశైన్ పండుగకు రాలేను, నా పత్రంలో ఇంకా తొంభై ప్రశ్నలు మిగిలి ఉన్నాయి. టీకాకు వచ్చే విషయం సానుకూలంగా పరిశీలనలో ఉంది.

ఇక ఇక్కడి సంగతులు. పొద్దుటిపూట నేను తిరగలి దగ్గర కూర్చుంటున్నాను, ఎందుకంటే ఊళ్ళో దైనందిన జీవితమంతా అక్కడికే వస్తుంది. వీపు బుట్టల్లో రాగులు, మొక్కజొన్నలు మోసుకొచ్చి, వంతు వచ్చేదాకా ఆడవాళ్ళు ఊళ్ళోవాళ్ళను కూడా కలిపి విసురుతారు. వంతు ఎవరిదన్న విషయంలో ఏ చీటీ, ఏ పట్టికా లేదు. అయినా తగవు రాలేదు. దీనిని నివేదికలో ఎలా సమర్థించాలో తెలియక వదిలేశాను. ప్రశ్న సంఖ్య 47, "మీ ఇంటి యజమాని ఎవరు?" అన్నదానికి పదకొండుమంది ఆడవాళ్ళు ఒకేసారి నవ్వారు. నవ్వును ఏ గడిలో నింపాలో విభాగం సూచించలేదు.

బుట్ట మోయడం నేర్చుకోవాలని ఒకరోజు నుదుటికి పట్టీ తగిలించుకున్నాను. నాలుగు అడుగులు నడిచి వాగులో పడ్డాను. సర్వధన్ నన్ను లేవనెత్తలేదు. ముందు పిండి సంచి ఎత్తాడు. "పిండి తడిస్తే పాడైపోద్ది, కాగితం సుబ్బా. నువ్వు తడిస్తే ఆరతావు" అన్నాడు. నన్ను అతను ఆ పేరుతోనే పిలుస్తాడు. నేను అతన్ని పిండి దయ్యం అంటున్నాను. పాతికేళ్ళ నౌకరీలో నాకెవరూ పేరు పెట్టలేదని ఇక్కడికి వచ్చాకే గమనించాను.

సాయంత్రం రాగి సంకటి, పులిసిన ఎండాకు గుంద్రుక్ పులుసు. ఆపైన జాండ్ అనే రాగుల కల్లు. చివరిదాని విషయంలో బాహున్ కులస్థుడిగా నేను ఏమీ చెప్పదలచుకోలేదు.

తిరగలి దగ్గర ఆడవాళ్ళు ఇప్పుడు కొత్త మాట మొదలుపెట్టారు. "ఇద్దరి బట్టతలా ఒక్కలాగే ఉంది, ఇద్దరూ శనివారమే పుట్టారు, తిలకాలు దిద్దుకుని మీత్ పెట్టుకోండి, అన్నదమ్ములైపోతారు" అంటున్నారు. నవ్వి ఊరుకున్నాను. సర్వధన్ మాత్రం నవ్వలేదు.

భవదీయుడు,
హోమ్‌నాథ్


బత్తీస్‌పుతలీ
అసోజ్ 13

కాంఛా,

ఆ తంతి అబద్ధమే. ఒప్పుకుంటున్నాను. ఇది అబద్ధం కాదని రాస్తే నువ్వు నమ్మవు, అందుకని రాయను.

దశైన్ మూడు రోజుల్లో ఉంది. నువ్వు లేకుండానే జమర మొలకలు వేశాను, పచ్చగా లేచాయి. పొట్ట బాగా తగ్గింది, చీరకు రెండు కుచ్చిళ్ళు ఎక్కువ వస్తున్నాయి. పక్కింటి ఆవిడ "బాగా సన్నబడ్డారు, ఏం తింటున్నారు?" అని కుతూహలంగా అడిగింది. "భాత్ తిన్నారా?" అని ఎవరైనా అడిగితే "తిన్నాను" అంటున్నాను. మీ సర్వధన్ చెప్పింది సరైనదే.

మీత్ సంగతి. నీకు యాభై రెండేళ్ళు వచ్చాయి, పెళ్ళి లేదు, స్నేహితుడు లేడు. ఇప్పుడు ఒక మనిషి దొరికాడంటే నేను వద్దంటానా? ఆ మనిషి రాయ్ అయితేనేం, మీత్‌కు కులం అడ్డం రాదు. కానీ ఒక మాట ఆలోచించుకో. స్నేహితుణ్ణి తిట్టొచ్చు. మీత్‌ను తిట్టకూడదు. పేరు పెట్టి పిలవకూడదు, ఎగతాళి చేయకూడదు, ఎదురు చెప్పకూడదు. నిన్ను కాగితం సుబ్బా అన్నవాడు రేపటి నుంచి హజూర్ అంటాడు. నీకు హజూర్ అనేవాళ్ళకు ఆఫీసులో కొదవా?

అయినా నువ్వు పెట్టుకుంటావు. నీకు ఏదైనా సరే, ముద్ర పడితే గాని ఉన్నట్టు అనిపించదు.

ఏడో తారీఖు.

దిదీ


లామ్‌ఖర్క
అసోజ్ 19

విషయం: మీత్ సంబంధ స్థాపన; ప్రయాణ ఖరారు.
సందర్భం: మీ హెచ్చరిక, ఆలస్యంగా అందినది.

పూజనీయురాలైన దిదీకి,

మీ లేఖ నిన్న చేరింది. కార్యక్రమం మొన్న జరిగిపోయింది. దశైన్ వెళ్ళిన మర్నాడు తిరగలి ముంగిట్లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో తెర పట్టి, తెర తీశాక ఒకరికొకరం తిలకం దిద్దుకున్నాం, దండలు వేసుకున్నాం, టోపీలు మార్చుకున్నాం. నాకు పిండి అంటిన టోపీ వచ్చింది. అతనికి... క్షమించండి, వారికి సిరా అంటినది వెళ్ళింది. వారి భార్య ఇకపై నాకు మీతిని. మీత్‌జ్యూ పేరు నేను ఇకపై రాయరాదు గనుక ఈ లేఖలో ఉండదు.

మీరు హెచ్చరించినదంతా జరుగుతున్నది. నిన్న తిరగలి దగ్గర "హజూర్ ముందు కూర్చోండి", "లేదు, ముందు హజూర్" అని ఇద్దరం చాలాసేపు నిలబడ్డాం. ఆడవాళ్ళు మా పక్కనుంచి వచ్చి పిండి పట్టించుకుని వెళ్ళిపోయారు. పూర్వం అతను నా సంకటి ముద్దలో వేలు పెట్టి "ఇట్టా గుంట చెయ్యి, పులుసు పోసుకో" అని చూపించేవాడు. ఇప్పుడు నేను తప్పుగా తింటూ ఉంటే గౌరవంగా చూస్తూ ఊరుకుంటున్నారు. స్నేహం ధ్రువీకరణ పొందింది. అందువల్ల కొంత నష్టపోయింది. అయినా దిదీ, రక్తసంబంధం లేని మనిషి ఒకడు ఊరందరి ముందు నన్ను సోదరుడని ఒప్పుకున్నాడు. ఆ పూట కొత్త టోపీని కళ్ళమీదికి లాక్కున్నాను. దీనిని కన్నీళ్ళ ప్రస్తావనగా పరిగణించవద్దు.

ప్రయాణం ఖరారైంది. అసోజ్ 30న బయలుదేరి కార్తీక్ 4 నాటికి మీ గుమ్మంలో ఉంటాను. ఇది లిఖితపూర్వకమైన హామీ. మీ టీకాకు తన చెట్టు అక్రోట్లే పగలగొట్టాలని మీత్‌జ్యూ బుట్టెడు ఏరి ఉంచారు. రాళ్ళ విషయం నిజమైతే అప్పుడు ఇద్దరం కలిసి డాక్టరుతో మాట్లాడదాం. కుచ్చిళ్ళ సంగతి చదివినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

హోమ్‌నాథ్


లామ్‌ఖర్క
అసోజ్ 31

విషయం: సూతకం, టీకా వాయిదా కోసం విన్నపం.
సందర్భం: లేదు.

దిదీ,

మీత్‌జ్యూ అసోజ్ 27న పోయారు. ఈ లేఖను సెలవు మీద ఇంటికి వెళుతున్న స్కూలు మాస్టరు చేతికిస్తున్నాను, విమానంలో తీసుకొస్తాడు.

జరిగినది జరిగిన క్రమంలో రాస్తాను. నా ప్రయాణంలో తినడానికి వేయించిన మొక్కజొన్నలు సత్తుపిండి పట్టించాలని వారు అనుకున్నారు. రెండు రోజులుగా అకాల వాన. తిరగలికి నీళ్ళు వచ్చే కాలువకు పైన బండ అడ్డం పడింది. తీసివస్తానని గడ్డపార పట్టుకుని లేచారు. బయట కొండ మీద నుంచి రాళ్ళు జారుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. నెల క్రితమైతే "ఒరే పిండి దయ్యం, చస్తావు, కూర్చో" అనేవాడిని. కూర్చునేవాడు కూడా. మీత్‌కు ఎదురు చెప్పరాదు. "హజూర్ చిత్తం" అన్నాను. నేను వారితో అన్న చివరి మాట అది.

రాయ్‌ల పద్ధతిలో మగవాడు పోతే ఈ ఊళ్ళో నాలుగో రోజుకు మైల తీరుతుంది. నిన్న వారి పూజారి పోయినవారికి దారి చూపించి పంపేశాడు. ఇంటివారు ఉప్పు తిన్నారు. మీత్‌కు మూడు రోజులు చాలునని పై ఊరి బాహున్ పురోహితుడు కూడా చెప్పాడు. నేను అంగీకరించలేదు. ఊరి ముందు సోదరుడని ఒప్పుకున్నాక సోదరుడి నిబంధనే వర్తించాలి, అది పదమూడు రోజులు అని వాదించాను. గంటసేపు వాదించాక పురోహితుడు విసుగెత్తి "సరే, మీ ఇష్టం" అన్నాడు. ఆ విధంగా గెలిచాను.

ఇప్పుడు నేను తిరగలి చూరు కింద గడ్డి పరుచుకుని, తెల్లబట్ట కట్టుకుని, ఒకపూట ఉప్పు లేని అన్నం వండుకుంటున్నాను. పోయినవారి ఇంట్లో అందరూ ఉప్పు తింటున్నారు. నేనొక్కడినే తినడం లేదు. మీతిని నిన్న వచ్చి దూరంగా నిలబడింది. "హజూర్, ఆయన వెళ్ళిపోయాడు. మేమంతా కలిసి పంపేశాం. మీరింకా పట్టుకుని కూర్చుంటే ఆయనకు దారిలో కాళ్ళు సాగవు. మీకు అక్క ఉందిగదా, ఎదురుచూస్తా ఉంటది, పొండి" అన్నది. నేను గడ్డి సర్దుకుని మళ్ళీ కూర్చున్నాను.

దిదీ, నిజం రాస్తాను. నాకు మూడు రోజుల దుఃఖం సరిపోలేదు. ఎన్ని రోజులు సరిపోతాయో తెలియదు. పదమూడుకు నిబంధన దొరికింది.

నా మైల కార్తీక్ 8న తీరుతుంది. తొమ్మిదిన బయలుదేరి పన్నెండుకు చేరతాను. మైలలో టీకా పెట్టించుకోరాదని మీకు చెప్పనక్కరలేదు. తేదీని ఐదు రోజులు జరపమని, ఆపరేషన్‌ను తదనుగుణంగా సవరించమని విన్నవించుకుంటున్నాను. రాళ్ళే కదా.

హోమ్‌నాథ్


బత్తీస్‌పుతలీ
కార్తీక్ 7

కాంఛా,

మాస్టరు మొన్న నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. పాపం కుర్చీ అంచున కూర్చుని టీ తాగాడు, వెళ్ళేటప్పుడు నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. నువ్వు చూరు కింద ఎలా కూర్చున్నావో అడిగి చెప్పించుకున్నాను. గడ్డం పెరిగిందట. గడ్డం మీద బూడిద పడితే తుడుచుకోవడం లేదట.

నువ్వు చేసింది తప్పని నేను అనను. నీ స్థానంలో ఉంటే నేను మూడు రోజులకే లేచి వచ్చేదాన్ని, కానీ నేను నువ్వు కాదు. నువ్వు ఒకసారి ఒక మనిషిని పట్టుకుంటే వదలడం రాదు నీకు. అందుకే అంత తక్కువమందిని పట్టుకున్నావు.

ఇవాళ టీకా. పొద్దుటి నుంచి వీధంతా అక్రోట్లు పగులుతున్న చప్పుడు. బొగడబంతి దండ నెల క్రితమే గుచ్చి పెట్టాను, అవి వాడవు గదా. ఒకటి ఆలోచించాను. మీ మీత్ నీకు సోదరుడైతే నాకూ తమ్ముడే. అంటే నాకూ మైలే. నువ్వు ఉప్పు తినని రోజున నేనెలా తినేది? ఇవాళ నేనూ ఉప్పు మానేశాను. నీరజ్ కోప్పడ్డాడు. "ఇదే నియమం రా, మీ మామయ్యను అడుగు" అన్నాను. ఆ కొత్త తమ్ముణ్ణి నేను చూడలేదు, కాంఛా, అయినా ఉప్పు లేని అన్నం నోట్లో పెట్టుకుంటే ఏడుపొచ్చింది. అక్రోట్లు ఏరి పెట్టాడన్నావు.

తేదీ జరగదు. ఇప్పటికే ఒకసారి జరిపాను. ఎల్లుండి పొద్దున్నే తీసుకెళ్తారు.

అవి రాళ్ళు కావు. డాక్టరు వరండాలోకి పిలిచిన రోజునే నాకు అర్థమైంది. నాకు తెలియదని నీరజ్ అనుకుంటున్నాడు, వాడి తృప్తి కోసం నేనూ రాళ్ళు, రాళ్ళు అంటున్నాను. నీకూ అదే రాశాను. నీకు నిజం రాసి ఉంటే వచ్చేవాడివి. వస్తావని తెలిసే రాయలేదు. నువ్వు ఈసారి జాలితో కాకుండా టీకా కోసం రావాలని పంతం పట్టాను. ఒకప్పుడు అబద్ధం చెప్పి రప్పించాను, ఇప్పుడు నిజం దాచి రానివ్వలేదు. రెండూ నా తెలివే.

నువ్వు తప్పు చేశావని అనుకుంటావు. అనుకోవద్దని రాస్తే వినవు. కనుక పెద్దదానిగా చెబుతున్నాను: పన్నెండున వచ్చినప్పుడు ముందు స్నానం చెయ్యి, గడ్డం గీయించుకో, వేడిగా తిను. ఆ తర్వాతే ఎవరినైనా ఏమైనా అడుగు.

దిదీ


బత్తీస్‌పుతలీ, కాఠ్‌మాండూ
మంసిర్ 4

విషయం: మీ కార్తీక్ 7 నాటి లేఖ అందినట్టు తెలియజేయడం.
సందర్భం: పైనిదే.

పూజనీయురాలైన దిదీకి,

మీ లేఖ నేను బయలుదేరిన వారానికి లామ్‌ఖర్క చేరింది. మీతిని దానిని స్కూలు మాస్టరు చేత తిరిగి పంపింది. మొన్న అందింది. జవాబు ఇవ్వవలసిన బాధ్యత నాపై ఉన్నందున ఇస్తున్నాను. చిరునామా మారినట్టు నాకు అధికారికంగా సమాచారం లేదు.

నేను కార్తీక్ 12 మధ్యాహ్నం వచ్చాను. మీరు 11 పొద్దున వెళ్ళారు. వీధి మలుపు తిరగగానే మన ముంగిట్లో నీరజ్ గుండుతో, తెల్లబట్టలతో కూర్చుని కనబడ్డాడు. నా చేతిలో అక్రోట్ల బుట్ట ఉంది. వాడు లేచి నిలబడబోయి, మైల గుర్తొచ్చి, మళ్ళీ కూర్చుండిపోయాడు. బాగమతి ఒడ్డున నాకు చూపించడానికి చితి కడిగేసిన రాతి మెట్టు ఒకటి మిగిలింది.

స్నానం చేశాను. గడ్డం గీయించుకున్నాను. వేడిగా తిన్నాను. మీ ఆదేశం అక్కడి వరకు అమలు జరిగింది. ఆ తర్వాత నీరజ్‌ను అడిగాను, మీరు నా గురించి ఏమైనా అన్నారా అని. "ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే తలుపు దగ్గర ఆపించి, 'మామయ్య వస్తే ముందు భాత్ పెట్టు, ప్రశ్నలు తర్వాత' అంది మామయ్యా" అన్నాడు. అది మీరు ఉత్తరంలోనూ రాసి ఉన్నారు. విషయం పునరుక్తమైనందున నమోదు మాత్రమే చేస్తున్నాను.

నా మైల ఎన్ని రోజులని పురోహితుణ్ణి అడిగాను. పెళ్ళై వేరే గోత్రంలోకి వెళ్ళిన అక్క పోతే తమ్ముడికి మూడు రోజులే అన్నాడు. నన్ను చంకనెత్తుకుని పెంచిన మనిషి అని చెప్పాను. ఎత్తుకుని పెంచినందుకు శాస్త్రంలో ప్రత్యేకించి రోజులు లేవన్నాడు. పుట్టింటి గడప దాటిన రోజున మీరు నాకు బయటివారైపోయారట. ఈసారి నేను వాదించలేదు. గతసారి వాదించి గెలిచాను. ఆ గెలుపు ఏం చేసిందో చూశాను. నాలుగో రోజున ఉప్పు వడ్డించారు. తిన్నాను.

పరామర్శకు వచ్చినవారు అడుగుతున్నారు, "భాత్ తిన్నారా?" అని. "తిన్నాను" అంటున్నాను. లామ్‌ఖర్కలో చెప్పినట్టే అది ప్రశ్న కాదు. కానీ ఇక్కడివారు నా మొహం చూడకుండానే వెళ్ళిపోతున్నారు.

నివేదిక విభాగానికి సమర్పించాను. మంచి గుర్తింపు వచ్చింది. రెండువందల పన్నెండు ప్రశ్నలలో ఒక్కటి కూడా ఏ మనిషి దగ్గరికి ఏ రోజుకల్లా చేరుకోవాలన్నది అడగదని నాకు ఇప్పుడు తెలిసింది. సవరణ ప్రతిపాదించాను. బడ్జెట్ లేదన్నారు.

దిదీ, నేను మీకు రాయవలసినది ఒకటి ఉంది. దానికి తగిన నమూనా పత్రం లేక ఇన్నాళ్ళు రాయలేదు. చూరు కింద కూర్చున్న పదమూడు రోజుల్లో ప్రతి రోజూ నాకు లేచి పరుగెత్తుకు రావాలని అనిపించింది. కుచ్చిళ్ళ మాట మనసులో మెదులుతూనే ఉంది. రాళ్ళు కావని నాకూ తెలుసు. తెలిసీ కూర్చున్నాను, ఎందుకంటే ఒకరి చావును సగంలో వదిలి మరొకరి చావుకు బయలుదేరడానికి నాకు ధైర్యం చాలలేదు. కూర్చున్నంతసేపూ మీరు ఉంటారు, తేదీ జరుగుతుంది అనుకున్నాను. దీనికి క్షమాపణ కోరే అధికారం నాకు ఉన్నదో లేదో నిర్ధారణ కాలేదు.

కాబట్టి, అన్ని పూర్వపు ఆచారాలను, పంచాంగాలను, పురోహితుల అభిప్రాయాలను పక్కన పెట్టి, ఇందుమూలంగా ఈ క్రింది విధంగా నిర్ణయించడమైనది. భాయి టీకా ఏ నెలలో ఏ తిథిన అన్నది చంద్రుడు నిర్ణయించరాదు. తమ్ముడు గుమ్మంలో అడుగుపెట్టిన రోజే టీకా రోజు. చంద్రుడు తదనుగుణంగా సవరించుకోవాలి. అంతవరకు దిదీ వేచి ఉండాలి. అనుమతి లేకుండా ఎక్కడికీ వెళ్ళరాదు. ఈ నిబంధన కార్తీక్ 7 నుంచి, అనగా వెనకటి తేదీ నుంచి అమలులోకి వస్తుంది. ఇది అంతిమం. దీనిపై అప్పీలు లేదు.

హోమ్‌నాథ్ కాఫ్లే